ఇంకా రాని ముక్క

“బొమ్మను గాల్లో పంపాలంటే ముందు ఏం చెయ్యాల?”

చేటలో బియ్యం ఏరుతూ మనవడినీ మనవరాలినీ అడిగింది పరంజ్యోతి టీచరమ్మ. రిటైరై పదేళ్లయినా ప్రశ్న వేయందే ఆమెకు చెయ్యాడదు. చేటలో ఐదుగురికి ఐదు గుప్పెళ్లు. అందులో ఒకటి కొడుకు రాజ్ కుమార్‌ది.

“చించాల అవ్వా,” అన్నాడు హెన్రీ.

“శభాష్. ముక్కలు చేసి, నంబర్లేసి వదలాల. టవరు అందుకోని మన ఫోనుకు పంపిస్తాది. ఫోను వరసగా పేర్చుకుంటాది. మరి టవరు దూరమైతే?”

“ముక్కలు లేటుగా వస్తాయి,” అంది అబిగయీలు. “నాయన మాదిరి.”

పోయిన నవంబరులో చేపల వేటకు పోయిన రాజ్ కుమార్ బోటు మీద నుంచి భార్యకు వీడియో కాల్ చేశాడు. బొమ్మ మధ్యలో ఆగింది. ఆ సాయంత్రం బోటు మునిగింది. కాల్ మాత్రం తెగలేదు. ఏడు నెలలుగా సముద్రం పోటెక్కినప్పుడల్లా అతని బొమ్మ ఒక్కో ముక్కగా వస్తూనే ఉంది. జువ్వలదిన్నెలో అందరికీ తెలిసిన సంగతే.

సిగ్నల్ అందేది మిద్దె మీద ఒక్క మూలనే. అక్కణ్నుంచి కదిలితే కాల్ తెగుతుందని కోడలు పుష్పకుమారి ఫోనుకు కాపలా. అల్లూరు ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. చేరడానికి ఈ రోజే గడువు. ఆమె కదల్లేదు.

“ఈ పొద్దు ఏమొచ్చింది టీచరమ్మా?” పాలు పోస్తూ అడిగాడు మాల్యాద్రి.

“ఎడమ చెవి.”

“ఇంకేం, మనం తిట్టేది వినపడుద్ది!” నవ్వబోయి ఆమె ముఖం చూసి తగ్గాడు. “నోరొక్కటే గదమ్మా రావాల్సింది.”

“అత్తా!” మిద్దె మీద నుంచి కేక.

చేట వదిలేసి, మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కింది పరంజ్యోతి. నోరు వచ్చింది. గాలికి జుట్టెగురుతూ కొడుకు నిండుగా కనిపించాడు.

“సిగ్నల్ పోతా ఉంది పుష్పా. ఎంతసేపని పట్టుకోనుంటావు? పెట్టేయ్. పోయి నీ పని చూసుకో. రేపటికి రాలేను, నాకు అన్నం వండబాకని అమ్మకు చెప్పు.”

అంతే. మళ్లీ ఆగిపోయాడు, నవ్వుతూ.

పుష్ప బొటనవేలు కాల్ తెంచే ఎర్ర గుర్తు దాకా వెళ్లి ఆగింది. అత్త వైపు చూసింది. బోర్డు దగ్గర తడబడే పిల్లకు ఊపినట్టు పరంజ్యోతి తల ఊపింది. పుష్ప నొక్కింది.

తొమ్మిదింటి బస్సుకు పుష్ప అల్లూరు వెళ్లింది. ఆమె బస్సెక్కేదాకా పిల్లలతో పాటు వాకిట్లోనే నిలబడింది పరంజ్యోతి.

“నాయన ఇంక రాడా అవ్వా?” అడిగాడు హెన్రీ.

పరంజ్యోతి వాడి తల నిమిరి లోపలికి నడిచింది. చేటలోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో పోసింది. మిగిలిన బియ్యంలో రాళ్లేరడానికి కూర్చుంది.