బ్రయర్ రన్‌లో మూడో ఓటు

బ్రయర్ రన్ టౌన్‌షిప్‌కు నేను పంతొమ్మిదేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. పెన్సిల్వేనియా ఉత్తరాన, కొండల మధ్య తొమ్మిది వందల గడప ఉన్న ఊరు మాది. ఊరి పాలన ముగ్గురు ఎన్నికైన సభ్యుల చేతిలో ఉంటుంది. నేను చెప్పే ఏడాది వాళ్లకు అధ్యక్షురాలు వెర్నా మోయర్. ఆవిడ అంతకుముందు ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపింది. గొంతు పెంచకుండా నలభై మంది పిల్లల్ని సీట్లలో కూర్చోబెట్టిన మనిషికి ఊరి సమావేశాలు నడపడం ఒక లెక్క కాదు.

అప్పటికి గ్యాస్ కంపెనీలు మా కొండల్లోకి వచ్చి నాలుగేళ్లయింది. మైలు లోతుకు పైగా బావి తవ్వి, నీళ్లూ ఇసుకా రసాయనాలూ కలిపి విపరీతమైన ఒత్తిడితో లోపలికి పంపి, బండను చీల్చి గ్యాస్ తీసేవారు. వెర్నా ఆ పనికి విరోధి కాదు. ఊరి పొలాల్లో ఆరు బావులకు తన చేత్తోనే సంతకం పెట్టింది.

మార్చి నెలలో ఆవిడ తమ్ముడు లెస్టర్ ఏడో బావి కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. లెస్టర్‌కు అరవై ఆవులున్నాయి, మంచు కురిసినప్పుడల్లా కురిసే కొట్టం ఒకటుంది. కంపెనీ అడిగింది అతని కింది చేను. దానికీ చిన్నపిల్లల బడికీ మధ్య ఉన్నది ఒక్క కంచె.

వెర్నా పటం మీద వేలు పెట్టి చూసింది.

"నీ కొండ మీది చేనులో పెట్టుకోమను. నాకేం అభ్యంతరం లేదు."

"పైకి రోడ్డు వేసుకోవాలి కదక్కా. వాళ్లకి కింది చేనే కావాలంట. కాదంటే పక్క ఊరికి పోతామన్నారు."

"నిన్ను బెదిరించారు. నువ్వు దాన్ని భద్రంగా మోసుకొచ్చి నాకిచ్చావు."

"నువ్వొచ్చి నా ఆవుల పాలు పిండుతావా?"

"నీ ఆవులు నా మాట వింటాయిలే. వినంది నువ్వే."

మామూలుగా అయితే లెస్టర్ నవ్వేవాడు. ఆ రోజు టోపీ పెట్టుకుని, తలుపు వేయకుండానే వెళ్లిపోయాడు.

ఏప్రిల్‌లో ఊరి అగ్నిమాపక దళం వాళ్ల ఫైర్ హాల్లో బహిరంగ విచారణ జరిగింది. మడత కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. కంపెనీ తరఫున విట్‌కూమ్ అనే లాయరు వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. ముందుగా ఒక కాగితం పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన అనుమతి మేడమ్. బావి లోతు, గొట్టాలు, సిమెంటు, రసాయనాలు అన్నీ రాష్ట్ర ఇంజనీర్లు చూసి ఇచ్చింది. దీని మీద మళ్లీ ఊరు కూర్చుని విచారించడానికి ఏముంది? మీకు బావుల గురించి ఏం తెలుసో చెప్పండి."

"బావుల గురించి నాకేం తెలీదండీ," అంది వెర్నా. "అందుకే లోతూ సిమెంటూ నేనడగను. అది రాష్ట్రం పని, వాళ్లు చూసుకున్నారు. నా దగ్గరున్నది ఊరి నిబంధనల పుస్తకం. ఇళ్లెక్కడ, బడెక్కడ, పరిశ్రమెక్కడ అని పద్దెనిమిదేళ్ల కిందట ఊరంతా కూర్చుని రాసుకుంది. మీ కాగితంలో ఆ బడి పేరు ఎక్కడుందో చూపించండి, చదువుకుంటాను."

విట్‌కూమ్ కాగితం తిప్పి చూడలేదు. అందులో లేదని అతనికి తెలుసు. కాసేపు తన ఫైలు సర్దుకుని మెల్లగా ఇంకో మాట తీశాడు.

"చిన్న ఇబ్బంది ఉంది. ఆ భూమి కింద గ్యాస్ హక్కు మీ నాన్నగారు మీకూ మీ తమ్ముడికీ చెరిసగం రాశారు. బావి వస్తే మీకూ వాటా వస్తుంది. అలాంటప్పుడు మీరు ఓటు వేయకూడదు."

హాలంతా గుసగుసలు. మాట నిజమే. ఎత్తు నాకు వెంటనే అర్థమైంది. మిగిలిన ఇద్దరిలో క్వారీలో పనిచేసి రిటైరైన ఆంబ్రోస్ బావి వద్దంటాడు, ఇన్సూరెన్సు ఏజెంటు క్లైడ్ కావాలంటాడు. చెరొక ఓటు పడితే నిర్ణయం ఉండదు. నలభై ఐదు రోజుల్లో నిర్ణయం రాకపోతే చట్టం ప్రకారం అనుమతి ఇచ్చినట్టే.

వెర్నా మారుమాట లేకుండా ఒప్పుకుంది. "రాసుకో హార్లన్," అంది నాతో. "నాకు సగం వాటా ఉంది. నేను ఓటుకు దూరంగా ఉంటున్నాను."

అనుకున్నట్టే జరిగింది. ఆంబ్రోస్ వద్దన్నాడు, క్లైడ్ కావాలన్నాడు. విట్‌కూమ్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు నేను లేచాను. సమావేశాల్లో నోట్సు రాసుకోవడం తప్ప నోరు విప్పే అలవాటు లేనివాణ్ని. ప్రభుత్వోద్యోగుల నైతిక నియమావళి చట్టం నా డెస్కు సొరుగులో ఎప్పుడూ ఉండేది. వెర్నా వాటా సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారని దాన్ని ముందు రోజే చదివి పేజీ మడిచి పెట్టుకున్నాను.

"ముగ్గురే ఉన్న మండలిలో ఒకరు స్వప్రయోజనం వల్ల తప్పుకుని, మిగతా ఇద్దరూ చెరోవైపు ఓటు వేస్తే, తప్పుకున్న మనిషి తన ప్రయోజనాన్ని అందరి ముందూ చెప్పి మూడో ఓటు వేయొచ్చని ఇక్కడుంది," అని చదివాను. "ఆవిడ ప్రయోజనం ఇప్పుడే చెప్పారండీ. చెప్పించింది లాయరుగారే."

వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు. విట్‌కూమ్ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని రెండుసార్లు చదివి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు.

వెర్నా హాలు చివరకు చూసింది. లెస్టర్ అక్కడే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వద్దు," అంది. అంతే.

లెస్టర్ బయటికి నడిచాడు. వెర్నా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు.

కంపెనీ జిల్లా కోర్టుకు వెళ్లింది. కోర్టు ఖర్చులతో ఊరు దివాలా తీస్తుందని క్లైడ్ కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. నవంబరులో ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే థాంక్స్‌గివింగ్ పండుగ నాడు వెర్నా ఇంట్లో లెస్టర్ కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ఆ విషయం వెర్నా నాకు చెప్పలేదు, ఆంబ్రోస్ భార్య చెప్పింది. ఒక్కసారి మాత్రం ఆఫీసులో వెర్నాను అడిగాను, తప్పు చేశామనిపిస్తోందా అని.

"ఓటు తప్పు కాదు," అంది. "మీటింగుకు ముందు వాడింటికి వెళ్లి చెప్పకపోవడం తప్పు. వాడికి నలుగురి ముందు తెలిసింది."

మర్నాడు తానే వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రెండు గంటలు ఆవిడ కారు కొట్టం ముందు ఉందని మాత్రం పోస్టుమన్ చెప్పాడు.

జనవరిలో తీర్పు వచ్చింది. జడ్జి సూటిగా రాశారు: బండను ఎలా చీల్చాలన్నది రాష్ట్రం చెబుతుంది, ఆ పని ఊళ్లో ఏ చోట జరగాలన్నది ఊరు చెబుతుంది, మొదటిదానికి ఇచ్చిన అనుమతి రెండోదానికి జవాబు కాదు. ఆ పేజీని నేను నోటీసు బోర్డు మీద అంటించాను.

పక్క ఊరికి పోతామన్న కంపెనీ ఎక్కడికీ పోలేదు. మూడు వారాల్లో కొండ మీది చేనుకు దరఖాస్తు పెట్టింది. ఈసారి వెర్నా ఓటు అవసరం పడలేదు. క్లైడూ ఆంబ్రోసూ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒక్క షరతు పెట్టారు: స్కూలు బస్సులు తిరిగే వేళల్లో లారీలు రోడ్డెక్కకూడదు.

సెప్టెంబరులో ఒక ఉదయం ఏడున్నరకు నీళ్ల లారీలు మూడు వరసగా వచ్చాయి. నేను వెళ్లేసరికి వెర్నా తన చిన్న కారును రోడ్డుకు అడ్డంగా పెట్టి, డ్రైవరుకు షరతుల కాగితం చూపిస్తోంది. డ్రైవరు తన మేనేజరుకు ఫోను కలిపాడు. ఇంతలో లెస్టర్ ట్రాక్టరు మీద వచ్చి కారు పక్కనే ఆపాడు.

"ఆ అగ్గిపెట్టె ఏం ఆపుతుందక్కా? పక్కకి తియ్యి, నేను పెడతా."

"బావి నీదే కదరా. నీ లారీలే ఇవి."

"బావి నాదే. తొమ్మిదింటికి రమ్మను."

ఫోను పెట్టేసి డ్రైవరు ఇంజను ఆపాడు. "తొమ్మిదిదాకా ఆగమన్నారు," అన్నాడు. వెనక రెండు లారీల ఇంజన్లు కూడా ఆగాయి. బస్సుకు దారి వదిలి వెర్నా కారునూ లెస్టర్ ట్రాక్టరునూ పక్కకు తీశారు. లెస్టర్ ట్రాక్టరు దిగి ఫ్లాస్కు మూత తిప్పాడు. అక్కా తమ్ముడూ ఆ డ్రైవరూ రోడ్డు పక్క కూర్చుని కాఫీ తాగుతుండగా బస్సు మలుపు తిరిగి బడి వైపు వెళ్లింది.