పూసల గది

పాల డెయిరీ వెనకవైపు ఒక గది ఉంది. ఒకప్పుడు అందులో ఖాళీ అట్టపెట్టెలు ఉండేవి, ఇప్పుడు కోడలు ఉంటోంది. డెయిరీలో ఆమెను అలా ఎవరూ పిలవరు, అక్కడ ఆమె కెమిస్టు. కానీ ఈ కథలో సగం ఇంట్లోనే జరుగుతుంది కాబట్టి కోడలనే అనుకుందాం.

ఆ గదిలో ఏం చేస్తావని అడిగిన చుట్టాలు జవాబు సగంలో ఉండగానే మాట మార్చేసేవారు. నిజానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. కొందరికి పాలు పడవు. పాలలో ఉండే చక్కెరను విరగ్గొట్టే ఎంజైము వాళ్ళ పేగుల్లో తక్కువ. ఆ ఎంజైమును ముందే పాలలో కలిపి అమ్మితే వాళ్ళూ హాయిగా తాగుతారు. డెయిరీ చేస్తున్నది అదే. కాకపోతే ఎంజైము కూడా పాలతోపాటే పోతుంది, ప్రతి ట్యాంకుకూ మళ్ళీ కొనాలి. కోడలు మరో దారి పట్టింది. ఎంజైమును సన్నని తెల్లని పూసలకు అంటించి, ఆ పూసలను గాజుగొట్టంలో నింపి, పాలను అందులోంచి పోనిస్తుంది. పాలు మారి బయటికొస్తాయి, ఎంజైము గొట్టంలోనే ఉండిపోతుంది.

అంటించడంలోనే ఉంది కిటుకంతా. పూస ఒంటినిండా కంటికి కనపడని కొక్కేలుంటాయి. ఎంజైము వచ్చి వాటికి తగులుకోవాలి. అయితే దాని పనంతా నోటితోనే. ఆ నోరే పోయి కొక్కేనికి చిక్కుకుంటే అది ఉన్నా లేనట్టే. అందుకని అంటించేటప్పుడు కాస్త చక్కెర కలుపుతారు. నోట్లో చక్కెర ఉంటే ఎంజైము ఇంకెక్కడో తగులుకుంటుంది, నోరు మిగులుతుంది.

ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు అత్తగారు చెవులప్పగించి విన్నది.

"నోట్లో ముద్ద పెట్టి కట్టేస్తారన్నమాట. నన్ను ఈ ఇంటికి తెచ్చినప్పుడూ అదే చేశారు" అంది.

అత్తగారికి పాలు పడవు. పెళ్ళైన కొత్తలో బాగానే పడేవట, కొడుకు పుట్టాక పడటం మానేశాయి. అప్పటినుంచీ ఆమెది నల్లటి టీ. అది తాగుతూ ఎదుటివాళ్ళ కప్పులోకి చూస్తుంది. ఎవరి టీలో పాలు ఎక్కువయ్యాయో, ఎవరిది మీగడ కట్టిందో ఆమెకు తెలిసినంత తాగేవాళ్ళకు తెలియదు. కోడలు ఉద్యోగంలో చేరిన రోజున, "ఇన్నేళ్ళు చదివి చివరికి పాలకొట్టులో తేలావా" అన్నది కూడా ఈమే.

డెయిరీ మేనేజరును పనివాళ్ళు చాటుగా తూకం అంటారు. ఆయన ఏ మాటైనా కాసేపు లోపల తూచుకునిగానీ బయటికి వదలడు. కోడలు గొట్టం తయారుచేసిన రోజు దాన్ని అటునుంచీ ఇటునుంచీ చూసి, చాలాసేపటికి నోరు విప్పాడు.

"ఒక వారం చూద్దామమ్మా. వారం నిలబడితే ఈ గది నీది, పెద్ద గొట్టం చేయిద్దాం. నిలబడకపోతే నా పెట్టెలు బయట వానకి నానుతున్నాయి. నువ్వు ముందు హాల్లో లేబుళ్ళు చూసుకుందువుగాని."

"రోజూ రంగు పట్టీ పెట్టి చూస్తాను సార్."

"పట్టీ సరే. ఈ పాలు ఎవరికోసం? పడనివాళ్ళకి. పడనివాళ్ళెవరైనా తాగి చెబితే నాకు ధైర్యం."

పాలలో చక్కెర విరిగితే పట్టీ నీలంగా మారుతుంది. అయితే ఏ కాస్త విరిగినా నీలమే చూపిస్తుంది, ఎంత విరిగిందో చెప్పదు. ఆ లెక్క కావాలంటే ఊళ్ళో పెద్ద లాబ్‌కు పంపాలి, వాళ్ళ రిపోర్టు వచ్చేసరికి ఈ వారం కాస్తా అయిపోతుంది.

ఆ సాయంత్రం కోడలు వంటింట్లో టీ కలుపుతూ కలుపుతూ ఉండిపోయింది. అత్తగారు ఆ చెంచావైపు చూసింది.

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకమ్మాయ్? నన్ను తాగమని అడగడానికేగా ఆ చెంచా అరగదీస్తున్నావు? తెచ్చివ్వు, తాగుతా."

"కడుపులో ఏమాత్రం తేడా చేసినా చెప్పాలత్తయ్యా. గది పోతే నన్ను లేబుళ్ళ దగ్గర కూర్చోబెడతారు, నిజమే. అయినా చెప్పాలి."

"చెప్పకేం చేస్తాను? నా కడుపేమన్నా మూగదా?"

కొడుకుది కళ్ళజోళ్ళ దుకాణం. అతను పేపరు వెనకనుంచి, "అమ్మా, జాగ్రత్త" అన్నాడు. ఈ వ్యవహారంలో అతని పాత్ర దాదాపు అంతే. మోటారు సంగతి తర్వాత వస్తుంది.

మొదటిరోజు పాలు అత్తగారు సగం గ్లాసు వట్టివే తాగింది, మిగతా సగం టీలో పోసుకుంది. ఆ టీ తాగుతున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం కోడలు గుమ్మంలో చెప్పులు విప్పకముందే, "ఏమీ కాలేదు! ఏమీ కాలేదే అమ్మాయ్!" అని ఎదురొచ్చింది. మర్నాడూ అదే మాట. కోడలికి ప్రాణం లేచొచ్చింది. పెద్ద గొట్టానికి బొమ్మ గీయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కూడా అత్తగారు రోజూ ఏమీ కాలేదనే చెప్పింది. కాకపోతే ఎదురు రావడం మానేసింది. రాత్రి అన్నం దగ్గర ఆకలి లేదనేది. ఎప్పుడూ లేనిది మధ్యాహ్నాలు రేడియో పెద్దగా పెట్టుకుంటోందని పక్కింటావిడ నవ్వుతూ చెప్పింది. వయసు మీద పడుతోంది, వినికిడి తగ్గి ఉంటుందని కోడలు సరిపెట్టుకుంది. ఒకరోజు కొడుకు చెయ్యి కడుక్కుంటూ, "ఏంటో, ట్యాంకు ఊరికే ఖాళీ అయిపోతోంది. ఇవాళ మూడుసార్లు మోటారు వేశాను" అన్నాడు. కోడలు పెద్ద గొట్టం బొమ్మలో ఉంది. పంపు వాషరు చూపించమంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, గది దక్కబోతోందన్న ఆనందంలో ఆమె ఏదీ చూడదల్చుకోలేదు.

పట్టీ రోజూ నీలంగానే వస్తోంది. తూకం రోజూ, "అత్తగారు?" అంటాడు. "బాగున్నారు సార్" అంటుంది.

వారం చివర్లో తూకం తనే గదికి వచ్చాడు.

"పిల్లల ఆసుపత్రివాళ్ళు అడుగుతున్నారు. విరేచనాలతో చేరిన పిల్లలకి కొన్నాళ్ళు మామూలు పాలు పడవుట. నీ గొట్టం పాలు డ్రమ్ములో ఉన్నాయిగా, రేపు పొద్దున్నే పంపిద్దామా?"

కోడలు పంపిద్దామంది. ఆ సంతోషం ఇంట్లో చెప్పాలని పెందలాడే బయల్దేరింది. వీధి మలుపు దగ్గరికే రేడియో వినిపించింది. లోపలికెళితే అది ఖాళీ గదిలో మోగుతోంది. అత్తగారు బాత్రూము బయట గోడకు ఆనుకుని నేలమీద కూర్చునుంది. మొహం పాలిపోయింది. పొట్టమీద వేడినీళ్ళ సీసా పెట్టుకుంది.

"ఏమైందత్తయ్యా?"

"ఏమీ కాలేదు" అంది అత్తగారు అలవాటుగా.

కోడలు రేడియో కట్టేసింది. ట్యాంకూ, మూడుసార్లు మోటారూ, ఆకలి లేని రాత్రులూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"ఎప్పటినుంచి?"

"మొదటి రెండురోజులూ నిజంగానే బాగుంది. ఒట్టు."

"ఆ తర్వాత?"

అత్తగారు వేడినీళ్ళ సీసా అటుతిప్పి ఇటుతిప్పి పెట్టుకుంది. "కాస్త నొప్పేగా, ఓర్చుకోలేనిదేం కాదు. ఆ గది పోతే నువ్వు ఎలా ఉంటావో నాకు తెలీదా? ఒక్కసారి పాలకొట్టన్నాను. ఆ మాట నీ మొహంలో ఇప్పటికీ ఉంది."

కోడలికి కోపం ముంచుకొచ్చింది. అంత కోపం ఆ ఇంట్లో ఎన్నడూ చూపించలేదు.

"రేపు పొద్దున ఆ పాలు ఆసుపత్రికి వెళ్తాయత్తయ్యా. పసిపిల్లల వార్డుకి! మీకే ఇలా ఉంటే వాళ్ళకెలా ఉంటుంది?"

అత్తగారు వేడినీళ్ళ సీసా పక్కన పెట్టేసింది. "పిల్లలకా? నాకు తెలీదు. గది ఒక్కటే అనుకున్నాను" అంది. "నువ్వు పో. నా దగ్గర కూర్చోకు, పో ముందు."

డెయిరీకి తిరిగి వెళ్ళాక కోడలు మొదటినుంచీ రోజూ చేయాల్సిన పని చేసింది. గొట్టంలోంచి వచ్చిన పాలలో నీళ్ళు కలిపి, బాగా పల్చన చేసి పట్టీ ముంచింది. చక్కెర సరిగా విరిగి ఉంటే అంత పల్చన చేసినా కాస్త నీలం రావాలి. పట్టీ తెల్లగా ఉండిపోయింది. పూసలను కడిగిన నీళ్ళు కాసిని మామూలు పాలలో పోసి, కాసేపాగి పట్టీ ముంచితే నీలమైంది, ఎంజైము ఆ నీళ్ళలోకి వచ్చేస్తోంది. అంటే అది కొక్కేలకు తగులుకోనేలేదు, పూసలను ఊరికే అంటిపెట్టుకుని ఉండి, పాలు పారినకొద్దీ కొట్టుకుపోతోంది.

కారణం ఎంజైము సీసామీదే ఉంది. ఈసారి సరుకు కొత్త దుకాణానిది. పాతవాళ్ళు ఎంజైమును మామూలు ఉప్పునీళ్ళలో ఇచ్చేవారు. వీళ్ళు ట్రిస్ అనే మందు కలిపిన నీళ్ళలో ఇచ్చారు, ఆ మాట చిన్న అక్షరాలలో రాశారు కూడా. ట్రిస్‌కు కొక్కేలంటే మహా ప్రీతి. మిగిలిపోయిన కొక్కేలను మూసేయడానికి ఆఖర్లో కోడలే దాన్ని వాడుతుంది. ఆఖర్న రావాల్సింది ముందే వచ్చి, బస్సు కిటికీలోంచి తువాలు వేసినట్టు సీట్లన్నీ పట్టేసుకుంది. ఎంజైము వచ్చేసరికి నిలబడటానికే చోటు. ముందుగా ఎంజైమును పల్చని పొర సంచిలో పోసి ఉప్పునీళ్ళలో నానబెడితే ట్రిస్ అంతా బయటికి పోయేది. పాతసరుకుకు ఆ అవసరం లేదు గనక ఆమె సీసా తిప్పి చూడలేదు.

ఈ సంగతి తెలిసింది ఇంట్లో ఒక్కరికి, ఇక్కడ ఒక్కరికి. డ్రమ్ములో కాస్త మామూలు ఎంజైము గుట్టుగా పోసేస్తే పాలు తెల్లారేసరికి బాగుపడతాయి, వారం గడిచిపోతుంది, గది మిగులుతుంది. కోడలికి ఆ ఆలోచన రాలేదని చెప్పడం అబద్ధం. సీసా చేతిలోకి తీసుకుంది కూడా. అత్తగారి మొహం గుర్తొచ్చి, దాన్ని బల్లమీద పెట్టేసి తూకం గదికి వెళ్ళింది.

ఆయన అంతా విన్నాడు.

"మరి మీ అత్తగారు బాగుందన్నారుగా?"

"అబద్ధం చెప్పారు సార్."

"ఎందుకు?"

"నాకోసం."

ఈ మాట తూచడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. లేచి వెళ్ళి, డ్రమ్ములో పాతపద్ధతిలోనే ఎంజైము పోయించాడు. ఆసుపత్రికి ఫోను చేసి, పాలు ఒకపూట ఆలస్యమవుతాయని, ఎందుకో కూడా చెప్పాడు. తర్వాత కోడలివైపు తిరిగాడు.

"పెట్టెలు రేపు లోపలికొస్తాయి. చెప్పిన మాట చెప్పినట్టే. వాటిమధ్య చోటు దొరికితే ఇంకో గొట్టం చేసుకో. లాబ్ రిపోర్టు రాందే చుక్క కూడా గేటు దాటదు. రిపోర్టు బాగుంటే పెట్టెలు నేనే మోసి బయటపెడతా."

పెట్టెలు వచ్చాయి. కోడలు పగలు లేబుళ్ళు చూసింది, మిగతా వేళల్లో పెట్టెల సందులో చిన్నబల్ల వేసుకుంది. ఎంజైమును పొర సంచిలో నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి, చక్కెర కలిపి పూసలకు అంటించింది. గొట్టంలోంచి వారం పాటు పాలు పోనిచ్చి, చివరిరోజు పాలను రెండు సీసాల్లో పట్టింది. ఒకటి లాబ్‌కు వెళ్ళింది.

రెండోది అత్తగారు పట్టుబట్టి తెప్పించుకుంది. కోడలు వద్దంటే వద్దంది.

"రిపోర్టు వచ్చాక తాగుదురుగాని."

"నేనాడిన అబద్ధం నేనే కడుక్కోవాలి. ఇలా ఇవ్వు" అని గ్లాసు లాక్కుని గటగటా తాగేసింది.

అది సెలవురోజు. కోడలు వంటిల్లు సర్దినట్టూ, బట్టలు మడతపెట్టినట్టూ మధ్యాహ్నమంతా ఇంట్లోనే తిరిగింది. సాయంత్రమయ్యాక అడిగింది.

"ఎలా ఉందత్తయ్యా?"

"ఏమీ కాలేదు."

అదే మాట, అదే గొంతు. కోడలు ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది.

"నా మాటమీద నమ్మకం లేదా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా."

అత్తగారు నొచ్చుకుంది. అది దాచుకోలేదు కూడా. అయినా తలూపింది.

కోడలు మేడమెట్లెక్కి ట్యాంకు మూత తీసింది. పొద్దున నింపిన నీళ్ళు ఇంకా దాదాపు అంచుదాకా ఉన్నాయి. కిందనుంచి మొగుడు, "మోటారు వేయనా?" అని అరిచాడు. వద్దని పైనుంచే చెయ్యి ఊపింది. మూత పట్టుకుని కాసేపు అక్కడే ఏడ్చింది. మొహం తుడుచుకుని కిందికి దిగింది.

అత్తగారు పొయ్యిమీద టీ పెట్టి, సీసాలో మిగిలిన పాలన్నీ అందులో పోస్తోంది.

"ఏమంది నీ ట్యాంకు?" అంది వెనక్కి తిరగకుండానే.

"నిండుగా ఉంది."

"చెప్పాను కదా" అంది అత్తగారు.