దొంగసందులో మంత్రి

అక్క అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. కంటి ఆపరేషన్ కోసం పది రోజులని మా ఇంటికొచ్చి నెల దాటింది. పోయిన సోమవారం సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టేసింది.

“మొదలుపెట్టిన ఈ ఆట అయిపోగానే బయలుదేరతానే,” అంది.

ఎవరైనా చెప్పులు వేసుకుంటే చాలు, నా గుండె గుభేలుమంటుంది. నవ్వుతూ సాగనంపినవాళ్లలో మళ్లీ చూడనివాళ్లే నాకు ఎక్కువ. అందుకని ఆ ఆట అవనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆట అంటే చదరంగం. అది అక్క కొడుకు చిన్నప్పుడు ఆడుకుని పడేసిన వీడియో గేము పెట్టెలో ఉంది. నాలుగు సెల్లులు వేస్తే ఆకుపచ్చ తెర మీద గళ్లు తేలతాయి. తెరకు సొంత వెలుతురు లేదు కాబట్టి కిటికీ దగ్గర ఇద్దరం తలలు ఆనించి కూర్చోవాలి. పైగా ఒక నిలువు వరస చచ్చిపోయింది. అందులోకి ఏ పావు వెళ్లినా కనబడదు, గుర్తు పెట్టుకోవలసిందే. ఆ వరసకు మేం పెట్టుకున్న పేరు దొంగసందు.

గురువారం పొద్దున నా మంత్రి దొంగసందులో ఉన్నాడు. అక్క రాజు మూల గడిలో ఇరుక్కున్నాడు. మంత్రిని కదిపితే ఆట కట్టు. నేను కదపలేదు, ఏనుగును ముందుకు తోశాను. అక్క రాజును పక్క గడికి జరిపింది. ఏనుగును వెనక్కి లాగాను. రాజు మళ్లీ మూలకొచ్చాడు.

“ఏమే, ఏనుగుకి నడక నేర్పిస్తున్నావా?”

“నీ రాజు మాత్రం? మంచం మీద అటూ ఇటూ దొర్లుతున్నాడు.”

“వాడికీ ఆపరేషన్ అయింది లేవే!”

నవ్వాపుకుంటూ ఏనుగును మళ్లీ తోశాను. రాజు జరిగాడు. ఏనుగు వెనక్కి, రాజు మూలకు. అంతే, పెట్టె కీచుమంది. తెర మీద అక్షరాలు వచ్చాయి. పాత పేపర్లు చూసి చదువు నేర్చుకున్నదాన్ని, కూడబలుక్కుని చదివాను. ‘ఇదే అమరిక మూడోసారి. ఇద్దరూ సమానం. ఆట ముగిసింది.’

ఇన్నేళ్లుగా ఆడుతున్నా ఆ మాటలు చూసి ఎరగం. ఎవరో ఒకరి రాజు చచ్చేదాకా కొట్టుకునేవాళ్లం మరి.

అయిపోకూడదనుకున్న ఆటను నేనే అవగొట్టాను.

అక్క కళ్లజోడు తీసింది. “నీ మంత్రి ఎక్కడున్నాడే?”

“ఏమో... మర్చిపోయాను.”

“దొంగసందులో, పైనుంచి మూడో గడిలో. ఇందాకటి నుంచి మెడ చాపుకుని కూర్చున్నా, నరకవేం?”

“తెలిసీ తప్పించుకోలేదేం?”

“నువ్వు నరకవని నీ మొహమే చెబుతోంది. ఇంక తప్పించుకోవడం ఎందుకని తిరుగుతూ కూర్చున్నా.”

“అయితే... వెళ్లిపోతావా?”

“నేను గెలిచానా?”

“లేదు.”

“ఓడానా?”

“లేదు.”

“మరి అది ఆట ఎట్లా అవుతుంది? లెక్కలోకి రాదు. మళ్లీ పెట్టు!”

ఆ సంచి ఇంక గుమ్మంలో ఉండకూడదని లేచి ఎత్తాను. చీరల బరువుకని బిగించిన చెయ్యి ఒక్కసారిగా పైకి లేచిపోయింది. లోపల చీర ఒక్కటీ లేదు. అడుగున డజను కొత్త సెల్లులు.

“ఇవెప్పుడు కొన్నావు?”

“పోయిన వారం డాక్టరు దగ్గర్నుంచి వస్తూ. మొదటి ఎత్తు నాది, కళ్లు సరిగా కనపడనిదాన్ని.”

“నెల నుంచీ అదే సాకు,” అంటూ పెట్టె లాక్కున్నాను.