విన్సెంట్ నోరు మూసుకుని విప్పిన బోల్టులు

విన్సెంట్ విప్పలేని బోల్టు లేదు. నోరు మూసుకుని విప్పిన బోల్టూ లేదు. మట్టెవాడలో అతని మెకానిక్ షెడ్డు ముందు నుంచి పోయే ఆడవాళ్లు చెవుల మీదికి కొంగు లాక్కుని నడిచేవారు. స్పానరు పట్టగానే ముందు ఒక చిన్న తిట్టు, కదలకపోతే బోల్టు తల్లికి ఒకటి, అప్పటికీ కదలకపోతే దాన్ని చేసినవాడి వంశం మొత్తానికి. ఆఖరి అక్షరం దగ్గర ఒక్క గుంజు గుంజితే ఊడాల్సిందే. ముప్పై ఏళ్లుగా అదే అతని పద్ధతి.

దానికి అడ్డం చర్చిలో పడింది. ఫాదర్ అందరిచేతా మౌనప్రార్థన చేయిస్తున్నాడు. కూతురు మౌనిక ఒళ్లో ఉన్న రెండేళ్ల పిల్ల బొమ్మ కారు చక్రం పీకుతోంది. అది రాకపోయేసరికి తాత తిట్టొకటి గట్టిగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అనేసింది. సగం చర్చికి ఒకేసారి దగ్గొచ్చింది. మౌనిక సిగ్గుతో చచ్చిపోయి, ఈస్టరుకు ముందొచ్చే తపస్కాలం నలభై రోజులూ నాయిన ఒక్క బూతు మాట్లాడకుండా ఉంటేనే పిల్లను మళ్లీ తీసుకొస్తానని తేల్చి చెప్పింది. కాపలా తల్లి రాహేలుకు అప్పగించింది. షెడ్డుకూ ఇంటికీ మధ్య ఒక్క గోడే కాబట్టి, అక్కడ ఎవరు గొణిగినా ఆమెకు వినిపిస్తుంది. రోజూ సాయంత్రం కూతురికి ఫోన్లో చెప్పాలి.

పిల్ల రాకపోయేసరికి షెడ్డు బోసిపోయింది. విన్సెంటుకు అన్నం సయించలేదు. అయినా పాపం, పంటి బిగువున ముప్పై తొమ్మిది రోజులు లాక్కొచ్చాడు.

నలభయ్యో రోజు, రేపు ఈస్టరు అనగా, చేపల సంఘం ఎల్లస్వామి ఆటోలో పాత పడవ మోటారు తెచ్చి దించాడు. లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం అరిగిపోయింది. అది మార్చాలంటే అడుగున నీళ్లలో తిరిగే పంకా ఉన్న ముక్కను ఊడదీయాలి. ఆ ముక్కకు ఆరు బోల్టులు. పదేళ్లు చెరువు నీళ్లలో నాని, తుప్పు పట్టి, బోల్టేదో మోటారేదో తెలియకుండా కరుచుకుపోయాయి. సోమవారం పొద్దున్నే పడవ నీళ్లలో ఉండాలని ఎల్లస్వామి పట్టుబట్టాడు.

తిట్టే వీలు లేదు కనుక విన్సెంట్ ఓపిక పట్టాల్సి వచ్చింది. ఆయిలు పోసి ఆగాడు. గ్యాసు మంటతో చుట్టూ కాచాడు. సుత్తితో తల మీద చిన్నగా కొట్టాడు. ఒకేసారి విప్పబోకుండా ముందు కాస్త బిగించి, తర్వాత వదులు చేసి, మళ్లీ బిగించాడు. రెండు గంటల్లో నాలుగు ఊడాయి. తిట్లు లేకుండా కూడా బోల్టులు వస్తాయని తెలిసి అతనికి కొంచెం చిన్నతనంగా అనిపించింది.

అయిదోది ససేమిరా అంది. విన్సెంట్ మొహం ఎర్రబడింది. తిట్టు పెదాల దాకా వచ్చింది. ఎల్లస్వామికి జాలేసింది.

"నువ్వు ఆగన్నా, నీ తరుపున నేను తిడ్త. నాకేం ఒట్టు లేదు."

విన్సెంట్ గోడవైపు ఒకసారి చూసి తలూపాడు. ఎల్లస్వామి గొంతు సవరించుకుని, నీ పీనుగెల్ల అన్నాడు. అది ఉప్పులేని పప్పులా ఉంది. విన్సెంట్ చెయ్యి పైకెత్తి, ఇంకాస్త పెంచమని సైగ చేశాడు. ఎల్లస్వామి పెంచాడు. ఇంకా పైకి అని సైగ. ఎల్లస్వామి కళ్లు మూసుకుని, చిన్నప్పుడు చేపల మార్కెట్లో విన్నవన్నీ గుర్తు చేసుకుని ఏకరువు పెట్టాడు. ఆఖరి మాటకు విన్సెంట్ గుంజాడు. బోల్టు ఊడింది.

ఆ గోలకు రాహేలు బయటికొచ్చింది. చర్చిలో పూలు కట్టడానికి కొత్త తెల్లచీర కట్టుకుని బయలుదేరుతోంది. నోరు ఎల్లస్వామిదని చూసి ఏమీ అనలేకపోయింది. ఆరో బోల్టుకు మోటారు ఊగకుండా పట్టుకునే చెయ్యి ఇంకొకటి కావలసి వచ్చింది. ఆమె ముక్కు చిట్లిస్తూనే ఒక పక్క పట్టుకుంది. కింద బేసిన్లో మోటారు నుంచి కార్చిన పాత ఆయిలు ఉంది. విన్సెంట్ స్పానరుకు పైపు తొడిగి, మనసులో మరియమ్మను తలుచుకుని, బలమంతా పెట్టి లాగాడు.

టక్కుమని బోల్టు తల తెగింది. విన్సెంట్ వెల్లకిలా పడ్డాడు. అతని కాలు తగిలి బేసిన్ ఎగిరింది. రాహేలు కొత్త చీర భుజం నుంచి అంచు దాకా నల్లబడింది.

ఆమె చీరను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసుకుంది. తర్వాత రాహేలు నోరు తెరిచింది. అందులోంచి వచ్చినవి విన్సెంట్ ముప్పై ఏళ్ల మెకానిక్ బతుకులో విననివి. బోల్టు, మోటారు, చెరువు, చేపలు, చేపలు తినేవాళ్లు, ఎవరినీ వదల్లేదు. ఎల్లస్వామి రెండు చెవులూ మూసుకున్నాడు. విన్సెంట్ పడ్డచోటే పడుకుని భార్యవైపు కొత్త గౌరవంతో చూశాడు.

తల తెగడమే మంచిదయింది. కింది ముక్క దానంతటదే జారి వచ్చింది. పైన మిగిలిన బోల్టు మొండెం వేలెడు పొడవున బయటికి కనబడుతోంది. దాన్ని కాచి, పట్టకారుతో పట్టి తిప్పితే బయటికి వచ్చేసింది.

సాయంత్రం ఫోన్ మోగింది. రాహేలు చీర నానబెట్టి, చేతులు తుడుచుకుని ఎత్తింది. విన్సెంట్ పక్కనే నిలబడ్డాడు.

"మీ నాయిన నోట్లెకెళ్లి ఒక్క మాట రాలే బిడ్డా," అంది రాహేలు, మొగుడి మొహం చూడకుండా.

మౌనిక గొంతు సంతోషంతో స్పీకరు దాటి వినబడింది. రేపు పూజ కాంగనే పిల్లను తోలుకొస్తనంది. కానీ నాయిన పక్కకు ఎక్కువ పోనియ్యద్దంది.

"దినమంతా నీ దగ్గర్నే ఉంచుకో అమ్మా. జర మంచి మాటలు నేర్పు."

విన్సెంట్ తువ్వాలు నోట్లో కుక్కుకుని షెడ్డులోకి పరుగెత్తాడు.