లోపల ఇంకొకరు

రాయదుర్గంలోని ఆ పద్నాలుగు అంతస్తుల అద్దాల భవనానికి హరిత ఫెసిలిటీస్ మేనేజర్. లిఫ్టులు, నీళ్లు, ఏసీలు, ఊడ్చేవాళ్లు, కాపలావాళ్లు అంతా ఆమె చేతి కిందే. అనంతపురం నుంచి వచ్చి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లలో పని దగ్గర ఒక్కరితో మాట పడింది లేదు.

నవంబరు మూడో వారంలో ఒక ఉదయం ఫైర్ డ్రిల్ పెట్టారు. సైరన్ మోగగానే ఉద్యోగులంతా మెట్లు దిగి, ఎదురుగా ఖాళీ స్థలంలో నిలబడ్డారు. లోపలికి వచ్చినా బయటికి పోయినా మెడలోని కార్డు గీకాల్సిందే కాబట్టి, భవనంలో ఎంతమంది మిగిలారో గేటు దగ్గరి తెర చెప్పేస్తుంది. అంకె తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒకటి దగ్గర ఆగిపోయింది.

సెక్యూరిటీ సూపర్‌వైజర్ శివశంకర్ ఇద్దరు గార్డులను వెంటేసుకుని టాయిలెట్లతో సహా అన్ని అంతస్తులూ గాలించి వచ్చాడు.

"లోపట ఎవ్వరు లేరు మేడమ్. గనీ జర ఈ పేరు చూడుండ్రి."

తెర మీద మురుగు పని చేసే ఐలయ్య పేరుంది. లోపలికి వచ్చింది ఆ రోజే, తొమ్మిదీ నలభైకి. తలుపు, మూడో బేస్‌మెంట్‌లోని మురుగునీటి గది.

ఐలయ్య చనిపోయి అప్పటికి ముప్పై నాలుగు రోజులు.

"పోయేటప్పుడు ఆయన కార్డు గీకలేదు కదప్పా, పేరట్లే ఉండిపోయింటాది. తీసెయ్" అంది హరిత.

"మరి ఇయ్యాల్టి తారీఖు ఎందుకున్నది మేడమ్? ఆ కార్డు పోలీసోళ్ల కాడ కవర్ల ఉన్నది."

శివశంకర్ పేరు తీసేశాడు. మర్నాడు తొమ్మిదీ నలభైకి మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ అంతే. సాఫ్ట్‌వేర్ వాళ్లొచ్చి చూసి, అంతా సరిగ్గానే ఉందని చెప్పి పోయారు. ఆ పక్కన ఉన్న సమయాన్ని హరిత ఒక్కతే గుర్తుపట్టింది. ఐలయ్య చనిపోయిన రోజు ఆమె అతనికి ఫోన్ చేసిన వేళ అది.

ఆ రోజు మురుగు ట్యాంకులో పంపు ఇరుక్కుని, ఆరు అంతస్తుల్లో టాయిలెట్లు పొంగాయి. పదకొండున్నరకు విదేశీ అతిథులు వస్తున్నారు. మురుగు తోడే బండి సాయంత్రానికి గాని రాదు. ట్యాంకులోకి మనిషిని దింపకూడదని చట్టం ఉందని ఆమెకు తెలుసు. ఆ బోర్డు తలుపు మీద పెట్టించింది ఆమే.

"ఎట్లోకట్ల చెయ్ ఐలయ్యా. ఐదు నిమిషాల పనే కదా."

"గాలి చూసిన్రా మేడమ్?" అని అడిగాడతను. లోపల విషవాయువు ఉందేమో పరీక్ష చేశారా అని.

"చూసినార్లే, దిగు."

ఎవరూ చూడలేదు. దిగిన ఐలయ్య ప్రాణాలతో పైకి రాలేదు. ఆ తర్వాత కాంట్రాక్టరు బుల్లిబాబు పోలీసులకు ఇవ్వడానికి ఒక కాగితం రాసుకొచ్చాడు. ఐలయ్య తాగి, ఎవరికీ చెప్పకుండా దిగాడని. "మీరొక్క సంతకం పెట్టేయండి మేడమ్, అందరం బయటపడతాం" అన్నాడు. హరిత చదివింది, సంతకం పెట్టింది.

ఇరవై ఆరో తారీఖు రాజ్యాంగ దినోత్సవం. కింది లాబీలో ఉద్యోగులందరూ గుమిగూడారు. ఏటా లాగే మైకు ముందు నిలబడి పీఠిక చదివే పని హరితది. ఆమె ఒక ముక్క చదువుతుంది, మిగతావాళ్లు కలిసి అంటారు.

"భారత ప్రజలమైన మేము" అంది హరిత.

మూడు వందల గొంతులు ఒక్కసారిగా అన్నాయి. అవి ఆగాక, ఒకే ఒక్క గొంతు అదే మాటను మెల్లగా, ముక్కలు ముక్కలుగా అంది. ఊపిరి అందని మనిషి గొంతు. అది లిఫ్టుల పక్కన నేలలో ఉన్న గాలి జాలీలోంచి వస్తోంది.

ఎవరో ఆలస్యంగా అన్నారనుకుంది హరిత. న్యాయం దగ్గరా, స్వేచ్ఛ దగ్గరా అదే జరిగింది. "సమానత్వం" అని అందరూ అన్నాక ఆ గొంతు ఆ మాట అనలేదు.

"గాలి చూసిన్రా మేడమ్?" అంది.

హరిత చదవడం ఆపేసింది. ముందు వరుసలో వాళ్లు ఎందుకాగిందా అని చూస్తున్నారు, అంతే. శివశంకర్ మాత్రం ఆమె వైపు చూడటం లేదు. రంగు పోయిన మొహంతో జాలీని చూస్తున్నాడు. ఊపిరి ఎవరూ ఇచ్చేది కాదు, మనిషి దాంతోనే పుడతాడు అనిపించింది హరితకు. కాగితం మీద రాసుకున్న ఈ పెద్ద మాటలన్నీ దాన్ని కాపాడటానికే కదా. "మేము" అని అన్ని ఏళ్లూ అదే మైకులో చదివినప్పుడు, కింద మూడో బేస్‌మెంట్‌లో ఉన్న మనిషి తనకొక్కసారైనా గుర్తొచ్చాడా?

మైకు పక్కవాళ్ల చేతిలో పెట్టి ఆమె మూడో బేస్‌మెంట్‌కు మెట్లు దిగింది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ ట్యూబులైట్లే. మురుగునీటి గదికి తాళం వేసే ఉంది. ఆమె దగ్గరికి వెళ్లేసరికి, ఎవరో లోపలికి పోయినట్టు తలుపు పక్కన పచ్చదీపం వెలిగి ఆరింది.

"చూడలేదు ఐలయ్యా" అంది హరిత తలుపుకు దగ్గరగా. "నీతో అబద్ధం చెప్పినాను."

లోపల నీళ్లు కదిలిన చప్పుడు, అంతే. ఆ చప్పుడు ఆమెను గొంతుకన్నా ఎక్కువ భయపెట్టింది.

అక్కడి నుంచి తిన్నగా శేరిలింగంపల్లిలో ఐలయ్య భార్య కనకలక్ష్మి ఇంటికి పోయింది. రెండు గదుల ఇల్లు. కనకలక్ష్మి గడపలోనే నిలబడి అంతా విన్నది. కూర్చోమనలేదు, ఏడవలేదు.

"తాగిండని రాసిన్రు. ఆయన ఎన్నడు కల్లు గూడ ముట్టలే. కులపోళ్లు, మా అన్నదమ్ములు అందరు ఆ కాయితమే నమ్మిన్రు" అంది. "గీ మాట నాకెందుకు చెప్తున్నవు? నాకు ఎరుకే. సంతకం పెట్టిన కాడ పోయి చెప్పు. నేను గూడ వస్త."

ఇద్దరూ ఒకే ఆటోలో పోలీస్ స్టేషన్‌కు పోయారు.

ఎస్సై పాత కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. "ఇది మీ సంతకమే కదా? మరి దిగమన్నది ఎవరు?"

"నేనే" అంది హరిత. "గాలి పరీక్ష చేసినారని చెప్పింది నేనే. చెయ్యలేదు. ఆయన తాగలేదు. ఆ మాట అబద్ధమని తెలిసే సంతకం పెట్టినాను."

"మీ మీద కేసవుతుంది మేడమ్. ఆలోచించుకున్నారా?"

"రాసుకోండి."

గంటసేపు రాశారు. ఆ సాయంత్రమే ఆమెకు ఆఫీసులో కార్డు పనిచేయకుండా చేశారు. బుల్లిబాబు ఫోన్ మీద ఫోన్ చేశాడు, ఆమె ఎత్తలేదు. కేసు మొదలవ్వడం, వకీలు, వాయిదాలు అవన్నీ తర్వాత సంగతి.

స్టేషన్‌లో రాత పూర్తయ్యాక ఎస్సై పైకి చదివి వినిపించాడు. కనకలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని విన్నది. చదవడం అయిపోయాక తల ఎత్తింది.

"ఆయన తాగలేదన్న కాడ ఇంకోపారి చదువుండ్రి సారూ. జర గట్టిగ."