లోపలి గది కిటికీ

ముక్కు చీదుకుంటే రుమాలు మీద ఈరోజు కూడా నల్లటి మరకే పడింది. ఆమె దాన్ని మడిచి విడిగా పెట్టింది. మిగతా బట్టల్లో కలిస్తే అత్తగారు ఊరుకోరు. "ఇది ముక్కా, పొగగొట్టమా?" అని ఆమధ్య అననే అన్నారు.

భర్తది జెరాక్స్ షాపు, దాని వెనకే ఇల్లు. ముందు గదిలో కుర్చీ, గల్లాపెట్టె, వచ్చేపోయేవాళ్ల పలకరింపులు అతనివి. లోపలి గదిలో జెరాక్స్ మిషన్ల ఖాళీ కార్ట్రిడ్జ్‌లలో టోనర్ అనే సిరాపొడి నింపే పని ఆమెది. పిండికన్నా మెత్తని నల్లపొడి అది. గాల్లోకి లేచిందంటే గొంతులోకీ కళ్లలోకీ దూరిపోతుంది. ఆమెకు ఎవరూ ఏదీ నేర్పలేదు. డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నదంతా కూడబలుక్కుని చదువుకుంది. ఎంత ఉక్కపోసినా ఫ్యాను ఆపేసి, పాత పేపర్లు పరిచి, మాస్కు పెట్టుకుని పోస్తుంది. ఒలికితే చీపురు ముట్టుకోదు, తడిగుడ్డతో అద్దుతుంది. ఎనిమిదేళ్లుగా ఆ గది నేల మీద ఒక్క మరక లేదు. అంత పనితనం ఇంట్లోనే ఉంటే కళ్లెత్తి చూసినవాళ్లు లేకపోవడం ఏం విడ్డూరమో!

ఒక్క కిటికీయే ఆమె చేతిలో లేదు. దానికి అడ్డంగా భర్త కాగితాల కట్టలు పేర్చాడు. "కాస్త జరపండి, గాలాడట్లేదు" అని ఎన్నిసార్లు అడిగినా, "పొడే కదా, విషమా? ఊదేస్తే పోతుంది" అని నవ్వేసేవాడు. దగ్గు మొదలయ్యాక, "ఫ్రిజ్జులో నీళ్లు తాగుతావు, అందుకే" అన్నాడు.

ఆ పొద్దున దగ్గు ఎంతకీ ఆగకపోతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. "గాలి రాని గదిలో ఆ పని ఇక చేయకు. ఊపిరితిత్తులు మళ్లీ మొలవవు" అందావిడ.

తిరిగొచ్చేసరికి భర్త కుర్చీ ఖాళీగా ఉంది. లోపలి గది గోడలతో సహా నల్లబడింది. అర్జెంటని ఎవరో తొందరపెడితే తనే నింపబోయాడట, అదీ ఫ్యాను వేసుకుని! ఒలికిన పొడిని చీపురుతో ఊడ్చి మరింత లేపాడు. ఇప్పుడు బాత్రూములో వేడినీళ్లు పోసి చొక్కా రుద్దుతున్నాడు. ఆ వేడికి పొడి మెత్తబడి గుడ్డకు అతుక్కుపోయింది. కళ్లు ఎర్రబడ్డాయి, ఒకటే దగ్గు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. అతను కళ్లు నలుపుకోకుండా చేతులు పట్టుకుని, చన్నీళ్లతో అతని ముఖం కడిగింది.

"రోజూ ఇదా నీ పని?" అన్నాడు దగ్గుతూనే.

"కాదు. రోజూ ఇలా కాకుండా చూడ్డం నా పని."

ఆమె తన మాస్కుల్లో కొత్తదొకటి తీసి ఇచ్చింది, తడిగుడ్డతో ఎలా అద్దాలో చూపించింది. "ఆ కట్టలు తీసి కిటికీ తెరిచేదాకా నేను ఈ గదిలో అడుగుపెట్టను" అని గొంతు పెంచకుండానే చెప్పి, ముందు గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ కుర్చీని తుడవడమే తప్ప అందులో కూర్చున్నది లేదు.

కాసేపటికి ఒక పెద్దాయన కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"ఓనరు లేరామ్మా?"

లోపల కట్టలు ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేనేనండీ. ఎన్ని కాపీలు కావాలి?" అంటూ ఆమె చెయ్యి చాచింది.