మూడుకాళ్ల కుందేలు

పరుగు పందెంలో నా పని గెలవడం కాదు, ఓడడమూ కాదు. మధ్యలో దిగిపోవడం. అందరికన్నా ముందుండి, ఎదురుగాలి నేను కాసుకుని, వెనకవాళ్లను ఒకే వేగంతో లాక్కొచ్చి, చివరి మూడు రౌండ్లు మిగలగానే ట్రాక్ దిగి గడ్డిలోకి తప్పుకోవాలి. ఈ పని చేసేవాళ్లను కుందేలు అంటారు. మైదానంలో నా అసలు పేరు ఎవరికీ పట్టలేదు. పూర్తి చేయనివాళ్ల పేరు ఎవరడుగుతారు?

నా వెనక పరిగెత్తేది మా చెల్లి. చిన్నప్పుడు గోడ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. అతికింది గానీ, ఎడమ పాదం నేలకు కాస్త రాసుకునేది. టప్, సర్. టప్, సర్. ఆ చప్పుడు వినిపిస్తే చాలు, నా ఊపిరి దానంతటదే కుదుటపడేది. సమయం రాగానే నా మోచేతి మీద తట్టి, "అక్కా, జరుగు" అనేది. జరిగేదాన్ని. అది గెలిచేది. నేను గడ్డిలో వెల్లకిలా పడి, నేనే గెలిచినంత గర్వపడేదాన్ని.

పోయిన వానాకాలం జ్వరమొచ్చి చెల్లి పోయింది.

చప్పుడు పోలేదు. మళ్లీ ట్రాక్ ఎక్కి మొదటి మలుపు తిరిగానో లేదో, వెనక టప్, సర్. తిరిగి చూస్తే ఎవరూ లేరు. భయపడాల్సింది పోయి, ఏడుపొచ్చేంత సంతోషపడ్డాను. ఇంట్లో అమ్మ ఇప్పటికీ రెండు జతల బూట్లు ఎండలో పెడుతుంది. సాయంత్రం రెండు జతలూ నేనే లోపలికి తెస్తాను.

మా కోచ్‌ని ఈల మాస్టారంటాం. ఇక నేను నాకోసం పరిగెత్తాలని ఆయన తీర్మానించారు. "ఇంత దూరం అందర్నీ లాక్కొచ్చేదానివి, ఆ మూడు రౌండ్లు నీకో లెక్కా?" ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ కుందేలు నేనే కావడం నా ఖర్మ. రెండు పందేల్లో పరిగెత్తించారు. రెండుసార్లూ అదే చోట మోచేతి మీద చెయ్యి పడింది. "అక్కా, జరుగు." చూసుకునేసరికి గడ్డిలో ఉన్నాను.

మాస్టారు నన్ను ఆటగాళ్ల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ మెత్తగా అడిగింది. "నువ్వెందుకు పరిగెత్తుతావమ్మా?"

"వెనక వస్తున్నారు కదండీ."

"ఎవరు?"

నోరు జారానని తెలిసి నాలుక్కరుచుకున్నాను. ఆవిడ, "ఎవరూ రాకపోతే?" అంది.

ఒళ్లు మండింది. రాకపోవడమేంటి? కానీ ఆ ప్రశ్న నాతో ఇంటికొచ్చింది, అన్నం దగ్గర కూర్చుంది, పక్కమీదికీ వచ్చింది.

మూడో పందెం ముందు మాస్టారు తేల్చి చెప్పేశారు. "ఈసారీ దిగిపోయావో, టీంలో నీ పేరు కొట్టేస్తా." ముందు నుయ్యి, వెనక గొయ్యి. దిగిపోతే ట్రాక్ ఉండదు, ట్రాక్ లేకపోతే ఆ చప్పుడుండదు. దిగకపోతే, చెల్లి అడిగిన దారి నేనివ్వనట్టు.

ఈల మోగింది. మొదటి మలుపులోనే వచ్చేసింది. టప్, సర్. ఇద్దరం పరిగెత్తాం. మూడు రౌండ్లు మిగిలాయి. చెయ్యి పడింది.

"అక్కా, జరుగు."

కాళ్లు గడ్డివైపు తిరిగిపోతున్నాయి. "నువ్వెళ్లవే, నేనూ వస్తా," అని పైకే అని, కుడివైపుకి జరిగాను. లోపలి లేన్ దానికి వదిలేసి, రెండో లేన్లో పరుగు. అక్కడ దూరం ఎక్కువ. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. ఆ చప్పుడు నా పక్కకొచ్చింది. తర్వాత ముందుకెళ్లిపోయింది.

పుట్టి బుద్ధెరిగాక, నేను పరిగెత్తుతుండగా ఆ చప్పుడు నా ముందు వినిపించడం అదే మొదలు. చెల్లి ఇన్నాళ్లూ నా వీపు చూసి పరిగెత్తింది. నాకు చూసుకోవడానికి దాని వీపు కూడా లేదు. చెవులతోనే వెంటపడ్డాను. "ఆగవే, ఆగవే" అని ఏడుస్తూ వెంటపడ్డాను. ముగింపు గీత దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది. నేను గీత దాటాను.

ఆఖరిదాన్ని నేనే. మాస్టారు పరిగెత్తుకొచ్చారు. "పూర్తి చేశావమ్మాయ్! కానీ ఆ లోపలి లేన్ ఎవరికోసం వదిలావు?"

చెవులు రిక్కించాను. ముందూ లేదు, వెనకా లేదు. నా ఊపిరే వినిపిస్తోంది.

బల్ల దగ్గర ఫలితాలు రాసే ఆయన తలెత్తాడు. "పేరు చెప్పమ్మా."

నోరు తెరిస్తే చెల్లి పేరు వచ్చింది.

దిద్దబోయిన మాస్టారు నా మొహం చూసి ఊరుకున్నారు.